మూడు చక్రముల బండికి క్లచ్ ఏల?

రెండు చక్రముల బండి నిలిచినచో పడిపోవును. పడకుండ నిలుపవలెనన్నచో కాలు నేల మోపవలెను. నాలుగు చక్రముల బండికి ఆ బెంగ లేదు. ఈ రెంటి నడుమ మూడు చక్రముల మోటారు సైకిలు నిలిచియున్నది. కూర్చుండు తీరునుబట్టి అది మోటారు సైకిలే. జీనువంటి ఆసనము, చేత హ్యాండిలు, ముఖమునకు కొట్టు గాలి, అన్నియు అట్లే యుండును. నడకయందు మాత్రము అది కారునకు దగ్గర చుట్టము. దానినిగూర్చి తలయెత్తు తగవులలో పెక్కు ఈ రెండు కులముల పుట్టుకనుండియే వచ్చినవి. వానిలో గేరును గూర్చిన తగవు ముఖ్యమైనది. ఎడమచేత క్లచ్ పట్టి, ఎడమకాలితో గేరు మార్చుకొను పాత పద్ధతి మేలా? క్లచ్ పిడియే లేకుండ, మీట కదపినంతనే గేరు మారు సెమీ ఆటోమేటిక్ పద్ధతి మేలా?

ఈ ప్రశ్న స్పష్టముగా ఎదురైనది కెనడా దేశపు బండి యొకదానితో. క్విబెక్ రాష్ట్రమున వాల్‌కూర్ అను చిన్న పట్టణము కలదు. మంచుమీద నడచు బండ్లను నిర్మించి పేరొందిన జోసెఫ్ ఆర్మండ్ బొంబార్డియర్ జన్మస్థానమది. ఆయన 1942లో నెలకొల్పిన సంస్థనుండి 2003లో వేరుపడిన బి.ఆర్.పి. కంపెనీ, 2007లో స్పైడర్ అను మూడు చక్రముల బండిని లోకమునకు చూపినది. ముందు రెండు చక్రములు, వెనుక ఒకటి. మన ఆటోరిక్షా అమరికకు ఇది సరిగా తలక్రిందు. మొదటి నమూనాలో 998 సి.సి. ఇంజను, 106 గుర్రముల బలము. బరువు మూడువందల కిలోలకు పైమాట. తరువాత వచ్చిన ఆర్.టి. నమూనా నాలుగువందల కిలోలు దాటినది. ఇంత బరువును కాళ్ళతో వెనుకకు నెట్టుట కష్టము కావున రివర్సు గేరు కూడ అమర్చినారు. బ్రేకు కుడికాలి క్రింద నుండు మెట్టు ఒక్కటే. అది మూడు చక్రములను ఒక్కసారిగా పట్టును. కుడిచేతికి బ్రేకు పిడి లేదు.

ఈ బండిని రెండు తీరుల అమ్మిరి. ఒకటి ఎస్.ఎం. 5: అయిదు గేర్లు, చేతి క్లచ్, కాలి మెట్టు. రెండవది ఎస్.ఇ. 5: అవే అయిదు గేర్లు, క్లచ్ పిడి లేదు, కాలి మెట్టు లేదు. ఎడమచేతి పిడియొద్ద చిన్న మీట యుండును. బొటనవ్రేలితో ముందునకు నెట్టినచో పై గేరు పడును. చూపుడువ్రేలితో తనవైపు లాగినచో క్రింది గేరు పడును. గేర్లను కదపు పనియు, వానినడుమ క్లచ్‌ను విడదీసి కలుపు పనియు ఇంజను నూనె ఒత్తిడితో జరుగును. ఆ ఒత్తిడిని ఎలక్ట్రానిక్ పరికరము నియమించును. బండి బయలుదేరునప్పుడు పట్టు క్లచ్ వేరు. అది తిరుగుడు వేగము హెచ్చినకొలది తనంత తానే బిగియునట్టిది. 2014 నాటి ఆర్.టి.లో 1330 సి.సి. మూడు సిలిండర్ల ఇంజనుతోపాటు గేర్లు ఆరు అయినవి; తక్కిన ఏర్పాటు ఇంచుమించు అదియే.

సెమీ అను మాటలోని మర్మము గమనింపదగినది. ఈ యంత్రము పై గేరును తనంత తాను వేయదు. ఇంజను ఎంత గోల పెట్టినను బొటనవ్రేలు కదలువరకు పై గేరు పడదు. క్రింది గేరు విషయమున మాత్రము యంత్రమునకు కొంత చొరవ యిచ్చినారు. నడుపువాడు మరచి, వేగము తగ్గుచుండగా ఊరకున్నచో, అదియే ఒక్కొక్క గేరు దించుకొనుచు వచ్చి బండి ఆగునప్పటికి ఒకటవ గేరులో నిలుచును. ఎక్కుట మనుష్యుని యిష్టము. దిగుటలో యంత్రము చేయూత. ఈ భేదము చిన్నదిగా కనబడును గాని, వాదమంతయు దీనిమీదనే ఆధారపడియున్నది.

మొదట క్లచ్ సంగతి చూడవలెను. ఇంజను తిరుగుచుండును, చక్రము నిలిచియుండును. తిరుగుదానిని నిలిచినదానితో ఒక్కసారిగా కలిపినచో ఇంజను ఆగిపోవును, లేదా బండి ముందునకు దుముకును. ఆ రెంటికి మెల్లగా పొత్తు కుదుర్చు మధ్యవర్తి క్లచ్. దాని పలకలు మొదట కొంత జారుచు, కొంత పట్టుచు, తుదకు ఒక్కటై తిరుగును. భౌతికశాస్త్రము చదువు బాలుడెవడైనను ఇంతవరకు చెప్పగలడు. రెండు చక్రముల బండిమీద క్లచ్ చేయు రెండవ పని మాత్రము పుస్తకములలో అంతగా కానరాదు. ఇరుకు సందులో మోటారు సైకిలును వెనుకకు మలపుకొనువానిని గమనించినచో అది తెలియును. బండి నడకవేగమునకన్న మెల్లగా సాగుచుండును. హ్యాండిలు ఒక ప్రక్కకు పూర్తిగా తిరిగి యుండును. కుడిచేయి రేజును నిలకడగా పట్టియుండును. కుడికాలు వెనుక బ్రేకును తాకీ తాకనట్లుండును. ఎడమచేతి వ్రేళ్ళు క్లచ్ పిడిని వెంట్రుకవాసి విడుచును, మరల వెంట్రుకవాసి పట్టును. చక్రమునకు అందు బలము తగ్గినచో బండి లోపలికి ఒరిగిపోవును. హెచ్చినచో మలుపు వెడల్పై గోడకు తగులును. ఇంజను ఆగెనా, బండి ప్రక్కమీద పడుటయే. దొమ్మరివాడు త్రాటిమీద నడచునప్పుడు చేత పట్టుకొను గడ యెట్టిదో, ఆ క్షణమున మోటారు సైకిలువానికి క్లచ్ అట్టిది. సంవత్సరముల తరబడి నడపినవారికి ఈ నేర్పు వ్రేళ్ళలోనికి దిగిపోయి, తాము దానిని చేయుచున్నామను స్పృహయు ఉండదు. కావుననే, క్లచ్ లేని బండి వారికి ఒక అవయవము తీసివేసినట్లు తోచును.

అయితే స్పైడర్ పడిపోదు. నిలిచినను పడదు, అడుగులో అడుగుగా సాగినను పడదు, మలుపు మధ్య ఇంజను ఆగినను పడదు, ఉన్నచోటనే నిలుచును. నేలమీద నడచువానికి దొమ్మరి గడ ఏల? మూడు చక్రముల బండిమీద క్లచ్ రెండవ పని పూర్తిగా లోపించినది. మిగిలినది మధ్యవర్తి పని మాత్రమే. దానిని మనుష్యుని పిడికిలికన్న నూనె ఒత్తిడి తక్కువగా చేయుననుటకు ఆధారము లేదు. పాత అలవాటును విడువవలసినది క్లచ్ విషయమున మాత్రమే కాదు. మోటారు సైకిలును కుడికి త్రిప్పవలెనన్నచో, వేగములో కుడిపిడిని ముందునకు నొక్కవలెను. బండి కుడికి ఒరిగి తిరుగును. స్పైడర్ ఒరగదు, కుడికి పోవలెనన్నచో కారువలె హ్యాండిలును కుడికే త్రిప్పవలెను. బండి నిటారుగా నిలిచియుండి మనుష్యుని వెలుపలికి విసరుచుండగా, రెండు చేతులతో పిడులను గట్టిగా పట్టి, దేహమును లోపలికి వంచి కూర్చుండవలెను. అట్టి సమయమున చేతులు రెండును హ్యాండిలు పనిలోనే మునిగియుండును. వానిలో నొకదానిని క్లచ్ కొరకు విడిపించుట నిజముగా అధిక భారము. ముప్పది ఏండ్లు మోటారు సైకిలు నడపిన నేర్పరి మొదటి దినమున స్పైడర్‌మీద తడబడుటయు, కాలిఫోర్నియావంటి చోట్ల కారు లైసెన్సుతోనే దీనిని నడపవచ్చును గావున ఎన్నడును మోటారు సైకిలు నెక్కనివాడు కులాసాగా నడపుకొని పోవుటయు ఆశ్చర్యము కాదు. రెండవవానికి మరచిపోవలసినది ఏమియు లేదు.

మన ఆటోరిక్షా ఇచ్చట జ్ఞప్తికి రాక మానదు. బజాజ్ ఆటోను స్కూటరు పద్ధతిలో నడపినవారి ఎడమపిడికిలిలో క్లచ్చును గేరును రెండును ఇమిడియుండెడివి. క్లచ్ పిడిని నొక్కిపట్టి, పిడికిలి మొత్తమును మెలిత్రిప్పినచో గేరు మారెడిది. అదియు మూడు చక్రముల బండియే, పడిపోదు. అయినను వేరు ఉపాయము చవుకగా దొరకకపోవుటచేత ఆ ఎడమచేయి దినమంతయు ఆ పని చేసినది. సాయంకాలమునకు మణికట్టు నొప్పి పెట్టునని చెప్పని ఆటోవాడు అరుదు. ఇప్పుడు వీధులలో తిరుగుచున్న విద్యుత్తు ఆటోలలో గేరు మార్చు గొడవయే లేదు. పాత ఆటో నుండి దానిలోనికి మారినవాడెవడును క్లచ్ పోయినదని దుఃఖించినట్లు వినబడలేదు. జీవనోపాధికై నడపువానికిని, వినోదమునకై నడపువానికిని ఇచ్చటనే భేదము. నేర్పును ముచ్చటగా చూచుకొనుటకు తీరిక రెండవవానికే కలదు.

పాత పద్ధతివారి వాదములో బలములేదని యనరాదు. మాన్యువల్ బండి ఖరీదు తక్కువ. దానిలో చెడుటకు వీలైన భాగములును తక్కువ. సెమీ ఆటోమేటిక్‌లో నూనెయే గేరు మార్చును గనుక నూనె శుభ్రత ప్రాణము. దానికొరకు రెండవ వడపోతను కూడ పెట్టిరి, సకాలమున దానిని మార్చవలెను. తనంత తాను బిగియు క్లచ్ ఇంజను మెల్లగా తిరుగునప్పుడు పూర్తిగా బిగియక జారుచుండును. పై గేరులో, తక్కువ రేజులో బండిని లాగించు దురభ్యాసము గలవాడు తెలియకుండగనే దానిని వేడెక్కించి అరగదీయును. బ్యాటరీ నిద్రపోయిన దినమున, వాలు దొరికినచో దొర్లించి ఇంజనును మేల్కొల్పవచ్చునను ఆశ క్లచ్ పిడి గల బండ్లమీద కలదు. ఇంజను తిరిగినగాని పట్టని క్లచ్‌తో ఆ ఆశ లేదు. మూడువందల కిలోలను దొర్లించు మొనగాడు దొరకవలెనను సంగతి వేరు.

వీనికన్న గట్టి వాదము మరియొకటి కలదు. దానినిగూర్చి పాతవారు తక్కువగాను, కోపముగాను మాటలాడుదురు. నిదానముగా చెప్పియున్నచో కొత్తవారికి మేలు కలిగియుండును. యంత్రము తనంత తాను క్రింది గేరు వేయునన్నప్పుడు, అది దేనిని చూచి వేయును? ఇంజను తిరుగుడును, చక్రముల వేగమును చూచి వేయును. అనగా వేగము తగ్గిన పిదప వేయును. నడుపువాడు చూచునది వేరు. ఎదుట మలుపు కలదు, మలుపు వెనుక ఏమున్నదో తెలియదు, దారి వాలుగా దిగుచున్నది. కావున ఇప్పుడే గేరు దించి, ఇంజను పట్టుతో బండిని అదుపులో నుంచుకొని, మలుపు తిరిగి, బలముతో వెలువడవలెను. యంత్రమునకు జరిగినది తెలియును, జరుగబోవునది తెలియదు. తిరుమలకు 1944లో వేసిన మొదటి ఘాట్ రోడ్డు ఇప్పుడు కొండ దిగుటకు వాడుకలో నున్నది. దానిమీద గేరు దింపక, బ్రేకుమీదనే భారము మోపి దిగువాని బండి యేదైనను, చివరి మలుపుల నాటికి బ్రేకులు కాగి కమురు వాసన కొట్టును. ఎక్కునప్పుడు ఏ గేరు కావలసెనో దిగునప్పుడును ఆ గేరే కావలెనని పాత డ్రైవర్లు శిష్యులకు చెప్పు మొదటి పాఠము. స్పైడర్ నడుపువాడు అమెరికా కొండదారులలో తిరిగినను ఈ పాఠము మారదు.

ఇచ్చట న్యాయముగా చెప్పవలసినది ఒకటి కలదు. సెమీ ఆటోమేటిక్ ఈ ముందుచూపును నిషేధింపలేదు. చూపుడువ్రేలు లాగినంతనే క్రింది గేరు పడును; మలుపునకు ముందే లాగవచ్చును. పూర్తి ఆటోమేటిక్ బండ్లలో పెక్కింటికి ఈ సౌలభ్యము లేదు. లోపము అలవాటులో నున్నది. బండి తానే దించుకొనునని తెలిసినవాడు క్రమముగా వ్రేలిని మరచును. ఎక్కములు నోటికి రాని పిల్లవానిచేత లెక్కించు యంత్రమును పెట్టినచో ఏమగునో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు. కాని ఈ పోలికను క్లచ్‌కు అన్వయించువారు పొరబడుచున్నారు. క్లచ్ ఎక్కము కాదు. అది కలములో సిరా నింపుకొనుటవంటిది. ఒకప్పుడు అందరును చేసిరి, వ్రేళ్ళకు మరకలు చేసికొనిరి. ఆ పని పోయినందున వ్రాత చెడలేదు. ఏ దారిలో ఏ గేరు, ఎప్పుడు అను నిర్ణయము ఎక్కమువంటిది. సెమీ ఆటోమేటిక్ సిరా నింపు పనిని తీసికొని, ఎక్కమును విద్యార్థికే వదలినది. అతడు దానిని వల్లె వేయకున్నచో తప్పు బండిది కాదు.

క్లచ్ పిడిని తీసివేసి గేరును మిగుల్చుట కొత్త ఊహయు కాదు. జపానులో హోండా కంపెనీ 1958లో సూపర్ కబ్ అను చిన్న బండిని వెలువరించినది. దానికి కాలితో మార్చు మూడు గేర్లు కలవు. క్లచ్ పిడి లేదు. ఒక చేత సేమియా గిన్నెల పళ్ళెము మోయుచు ఇంటింటికి తిరుగు హోటలు కుర్రవాడు రెండవచేతితోనే బండి నడుపగలుగవలెనని కోరి అట్లు చేసిరని చెప్పుదురు. 2017 నాటికి ఆ బండ్లు పదికోట్లు తయారైనవి. అదే ఏర్పాటుతో 1997లో మన దేశమున హీరో హోండా స్ట్రీట్ వచ్చినది, నిలువలేదు. 2009లో టి.వి.ఎస్. జైవ్ క్లచ్ పిడి లేని మోటారు సైకిలుగా వచ్చినది, అదియు నిలువలేదు. మనవారు గేరు లేని స్కూటరును ఆదరించిరి, క్లచ్‌తో కూడిన మోటారు సైకిలును ఆదరించిరి. నడుమనున్నదానిని మాత్రము అనుమానముగా చూచిరి. రెండు చక్రముల బండిమీద ఆ అనుమానమునకు, పైన చెప్పిన దొమ్మరి గడ కారణముగా, కొంత అర్థము కలదు. మూడు చక్రములమీద దానికి ఆ అర్థము లేదు.

రుచుల సంగతి అట్లుండగా, ఈ తగవులో నిజముగా నష్టపోవువారు, లాభించువారు వేరే కలరు. ఎడమచేతి కీళ్ళు పట్టివేసినవారు, ఎడమకాలు చచ్చుబడినవారు, ప్రమాదములో పాదము పోగొట్టుకొనినవారు, అరువది దాటి పిడికిలి పట్టు సడలినవారు. మాన్యువల్ స్పైడర్ వీరికి తలుపు మూసినది. ఎడమచేయి క్లచ్ పట్టవలెను, ఎడమకాలు గేరు మార్చవలెను. రెంటిలో ఏది లేకున్నను బండి లేదు. సెమీ ఆటోమేటిక్‌లో ఎడమకాలికి పనియే లేదు. ఎడమచేతికి ఒక బొటనవ్రేలు, ఒక చూపుడువ్రేలు చాలును. మోటారు సైకిలు వదలవలసి వచ్చిన వృద్ధులును, వికలాంగులును ఆ దేశములలో ఈ బండి నాశ్రయించుటకు మూడు చక్రములు ఎంత కారణమో, ఈ రెండు వ్రేళ్ళును అంత కారణము.

మన ఊళ్ళలో ఈ సత్యమును చూచుటకు స్పైడర్ అక్కరలేదు. వెనుక ఇరుప్రక్కల చిన్న చక్రములు బిగించిన స్కూటరుమీద పాఠశాలకు వచ్చు ఉపాధ్యాయుడు పెక్కు ఊళ్ళలో కనబడును. బాల్యమున పోలియో తగిలి కాలు సన్నబడినను, ప్రక్క ఊరినుండి వేళకు వచ్చి హాజరు పట్టీ తీయును. అతని స్కూటరు ఇంచుమించుగా ఎల్లప్పుడు గేరు లేనిదే. గేరు గల స్కూటర్లు తప్ప వేరులేని దినములలో, అట్టివారు బస్సుకొరకో, ఎవరి వెనుకనో కూర్చుండుటకొరకో వేచియుండిరి. చేతి నేర్పు లేనివాడు బండి నెక్కదగడని సగర్వముగా పలుకువారు ఆ స్కూటరును ఒకసారి తేరిపార చూడవలెను. నేర్పును మెచ్చుకొనవచ్చును, దానిని ప్రవేశరుసుముగా వసూలు చేయుట తగదు.

ఇక నిర్మాతల పోకడలు చూడగా, తగవు తీరకముందే వారు తీర్పు చెప్పుచున్నారు. అమెరికాలో హార్లే డేవిడ్సన్ 2009లో తెచ్చిన ట్రై గ్లైడ్ వెనుక రెండు చక్రములతో, చేతి క్లచ్‌తో, కాలి గేరుతో వచ్చినది. ఆ కంపెనీ కొనుగోలుదారులు మోటారు సైకిలు అలవాటును వదలరని తలచినట్లున్నది. బి.ఆర్.పి. వారు 2018లో చూపిన రైకర్ అను చిన్న మూడు చక్రముల బండిలో గేర్లను ఎన్నుకొను పనియే లేదు. స్కూటరువలె బెల్టుమీద నడచును. 2020లో కొత్తగా తీర్చిన స్పైడర్ ఆర్.టి. సెమీ ఆటోమేటిక్‌తోనే వెలువడినది. క్లచ్‌ను మాన్పించుట మంచిదే కాని, కోరువానికి దానిని దొరకనీయకుండ చేయుట వేరు సంగతి. రైకర్ పోకడ మరియొక మెట్టు. అచ్చట సిరా నింపు పనితోపాటు ఎక్కమును కూడ యంత్రమే తీసికొనినది. కొత్తవానిని ఆకర్షించుటకు అది పనికివచ్చును. కొండదారిలో మాత్రము ఆ చూపుడువ్రేలు ఏమి చేయవలెనో తెలియక ఊరకుండును.

పాతబండ్ల అంగళ్ళలో స్పైడర్ రెండు తీరులును దొరకును. ఎన్నుకొనుట అచ్చట ఇంకను సాధ్యమే. మాన్యువల్ కొనదలచినవాడు, బేరమునకు ముందు, సాయంకాలపు రద్దీలో ఒక గంటసేపు దానిని నడపి, ఇంటికి వచ్చి ఎడమ పిడికిలిని నూరుసార్లు బిగించి విప్పి చూచుకొనవలెను. సెమీ ఆటోమేటిక్ కొనదలచినవాడు దానిని ఏదైన వాలుదారికి తీసికొనిపోయి, ప్రతి మలుపునకు ముందు తన వ్రేలు లాగినదో, లేక బండియే దించుకొనినదో లెక్క పెట్టుకొనవలెను.